పెనుకొండ మ్యూజియంలో మా తాత

హిందూపురంలో పెనుకొండ బస్సు ఎక్కేసరికి ఎనిమిది దాటింది. ఎర్రమంచి ఫ్యాక్టరీలో పనికి పోయే వయసు పిల్లలతో సీట్లన్నీ నిండిపోయాయి. పెనుకొండ దర్గాలో కప్పేకి చాదరు తీసుకుపోతున్న గోరంట్ల ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. నా సంచిలోంచి ఆముదం వాసన కొట్టిందేమో, యాడికని అడిగింది.

"మా తాతను చూసేకి."

"యా ఆసుపత్రిలో ఉండాడు?"

"మ్యూజియంలో."

ఆమె చాదరు మూట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పుడు విడమరిచి చెప్పాను. మా చేని గట్టున ఒక వీరగల్లు ఉండేది. ఎప్పుడో పోరులో చచ్చిన వీరుడి రాయి. మా ఇంట్లో దాన్ని రాయి అనరు, తాత అంటారు. ఏటా విత్తనం వేసే ముందు మా అత్త దానికి ఆముదం పూసి పసుపు మెత్తేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తాతను మ్యూజియానికి తీసుకుపోయారు. అత్త ఇప్పుడు ధర్మవరంలో మా ఆడబిడ్డ ఇంట్లో ఉంది. చూపు పోయింది. "నన్నూ పిల్చుకొని పో మే" అని ఫోనులో అడిగింది. చూపులేని మనిషి మ్యూజియానికొచ్చి ఏం చూస్తుందని, ఆముదం సీసా, పసుపు పొట్లం సంచిలో పెట్టుకొని నేనొక్కదాన్నే బయల్దేరాను.

పెనుకొండ బస్టాండు ముందర బొరుగుల ఉగ్గాని, బజ్జి తిని, ఆటోలో మ్యూజియానికి పోయాను. లోపల చల్లగా ఉంది. ముక్కు పోయిన జైన విగ్రహం, చెవి విరిగిన నంది, వాటిని దాటితే గోడకు ఆనించి వరసగా వీరగల్లులు. అందరి చేతుల్లో కత్తులే, అందరికీ మీసాలే. శుభ్రంగా కడిగి పెట్టారు. వీళ్లలో మా తాత ఎవరో తెలియలేదు. జిడ్డు కింద మా తాత ముఖం ఎట్లుంటుందో కాపురానికొచ్చిన నాటి నుంచీ నేను చూడనే లేదు.

కాపలా ఆయనను బతిమాలాను. "కొంచెం ఆముదం పూసి చూస్తే గుర్తుపడతానబ్బా."

"బాగుందక్కా! కడిగేకే శానా అవస్థ పడినారు. నువ్వు పూస్తే రేపట్నుంచి నేనూ ఆ వరసలో నిలబడాల."

అందరికీ కలిపి ఒక దండం పెట్టి బయటికొచ్చాను.

మధ్యాహ్నం బస్సులో ధర్మవరం చేరాను. మగ్గం చప్పుడు మధ్య అత్త మంచం మీద కూర్చొనుంది. నా అడుగు వినగానే, "కనబడినాడా?" అంది.

"కడిగేసినారత్తా. యా రాయో తెలీలేదు."

"వీపు తడిమితివా?"

"గోడకు ఆనించినారు. కాపలా ఆయన ముట్టుకోనీలేదు."

"పక్క సందులోంచి చెయ్యి పోకుండా ఉంటాదా? వీపున ఎడమ పక్క గుంత ఉండాది. పూసేటప్పుడు ఈ వేళ్లు ఆడనే ఆనించేదాన్ని." వేళ్లు వంచి చూపించింది. "నన్ను పిల్చుకొని పోయింటే ఆ కాపలా అప్పను నేను అడుక్కునేదాన్ని కదా."

ఈసారి ఇద్దరం పోదామన్నాను.

"సూద్దాంలే," అని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. నేను ఎప్పుడు పోయినా మొదట అడిగే మాట అది.

సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం. పెనుకొండ చూడదగ్గ ఊరే, తప్పక పోండి. పోయేటప్పుడు మాత్రం, ఆ రాళ్లను మొక్కిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే వెంట తీసుకుపోండి. కళ్లు కనబడకపోయినా సరే.

పెనుకొండలో రైలు ఆగింది. కొండ నల్లబడుతోంది, మ్యూజియం ఈపాటికి మూసుంటారు. సంచిలో చెయ్యి పెడితే సీసా మూత వదులై ఆముదం పసుపు పొట్లంలోకి కారి ఉంది. వేళ్లకు ముద్దగా అంటుకుంది. హిందూపురం దాకా తుడుచుకోబుద్ధి కాలేదు.