ఎర్ర సిరాతో తిరిగొచ్చిన ‘ట’

“కామేశ్వరి ఆంటీ పోయారట.”

గురువారం ఉదయం కారు అద్దం మీది మంచు గీకుతుండగా మిత్రుడు శ్రీధర్ ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. నా మనసు గబుక్కున ఆ చివరి అక్షరాన్ని పట్టుకుంది. ‘ట’ అన్నాడంటే విన్న మాటే కదా, పొరపాటై ఉండొచ్చు కదా అనుకున్నాను. కాసేపటికి ఆవిడ కుమారుడే మా గ్రూపులో సందేశం పెట్టారు. అందులో ‘ట’ లేదు. ఆఫీసుకు వెళ్లకుండా కార్లోనే కూర్చుండిపోయాను.

డాక్టర్ కామేశ్వరి గారు సముద్ర శాస్త్రవేత్త. మేముండే హాలిఫాక్స్‌లో ముప్ఫై ఏళ్లపాటు అట్లాంటిక్ లోతునూ, నీటిలోని ఉప్పునూ కొలిచిన విదుషీమణి. ఉద్యోగ విరమణ తర్వాత ప్రతి శనివారం గుడ్డసంచీలో పుస్తకాలు పెట్టుకుని, ఫెర్రీ పడవలో హార్బరు దాటి వచ్చి, లైబ్రరీ గదిలో మన తెలుగు పిల్లలకు పురాణం చెప్పేవారు. పిల్లలంతా ఆవిడను అమ్మమ్మా అనే పిలిచేవారు. దీపం వెలిగించనిదే కాఫీ ముట్టని భక్తురాలు. అయినా ఆవిడను నాస్తికురాలని గుసగుసలాడిన వాళ్లున్నారు. అందులో నేనూ ఒకణ్ణి. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

కారణం ఆ ‘ట’యే. పాలసముద్రాన్ని చిలికారట, ముందు విషం పుట్టిందట, ఆ స్వామి దాన్ని గొంతులో నిలుపుకున్నాడట. ఏ కథ చెప్పినా ఇదే వరస. మన ఘన చరిత్రను మనమే అనుమానిస్తున్నట్టుందని నాకు ఒళ్లు మండేది. పిల్లల కోసం ఆవిడ చెప్పిన కథలను పుస్తకంగా టైపు చేసే పని నాకు అప్పగించినప్పుడు, అవకాశం దొరికింది కదా అని సాఫ్ట్‌వేర్ బుద్ధి చూపించాను. ‘డట’ ఉన్నచోటల్లా ‘డు’, ‘రట’ ఉన్నచోటల్లా ‘రు’ పడేలా ఒక్క మీట నొక్కి మార్చేశాను. చదివి చూసుకోకుండానే ప్రింటు తీసి ఇచ్చాను.

మరుసటి శనివారం ఆవిడ నన్ను పక్కకు పిలిచారు.

“రవీ, ‘దేవతలు అమృతం కోరుం’ అంటే ఏమిటయ్యా?”

చూద్దును కదా, ‘కోరటం’ కాస్తా ‘కోరుం’ అయింది. ‘మాట్లాడటం’ ‘మాట్లాడుం’ అయింది. పుస్తకం నిండా డుం, రుం అని మోతలే. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేను మాత్రం తగ్గలేదు.

“తప్పులు దిద్దేస్తాను ఆంటీ. కానీ ‘ట’ పెడితే పిల్లలు నమ్మరు. ఇది జరిగిందని గట్టిగా చెప్పాలి.”

“నేను చూశానా? నువ్వు చూశావా? చూడంది చూసినట్టు చెప్తే అబద్ధం కదయ్యా. ‘ట’ అంటే అనుమానం కాదు. నాకంటే ముందు చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్ల ముందు నేను చిన్నదాన్ని అని ఒప్పుకోవడం.”

ఆ వారమంతా కూర్చుని, నేను తుడిచేసిన ప్రతి ‘ట’నూ ఎర్ర సిరాతో తిరిగి రాశారు. ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నా పట్టుదలకు అసలు మూల్యం మా ఇంట్లో చెల్లించాను. అప్పటికి మా అమ్మాయి మేఘనకు పద్నాలుగేళ్లు. “ఏ సముద్రం నాన్నా? ఎవిడెన్స్ ఏది?” అని అడిగితే, జరిగిందంటే జరిగింది, నోర్మూసుకో అని కసిరాను. “దెన్ ఇట్స్ ఆల్ ఫేక్” అని గది తలుపు వేసుకుంది. ఆవిడ శనివారం క్లాసు మానేసింది. నాతో మాట్లాడటమూ మానేసింది. ఈ కథలతోపాటు పిల్ల కూడా నాకు దూరమైపోతుందేమోనని భయం పట్టుకుంది. చివరికి బింకం వదులుకుని, ఎవరిని తప్పుపట్టానో ఆవిడకే చెప్పుకున్నాను.

“ఫెర్రీ ఎక్కించు. నువ్వు వెనకాల కూర్చో, మాట్లాడకు” అన్నారు.

కిటికీ పక్కన ఇద్దరూ కూర్చున్నారు. వెనక సీట్లోంచి విన్నాను.

“ఈ నీళ్లలో పాలు లేవమ్మా. ఉప్పు ఎంతుందో కూడా నాకు తెలుసు. అది వదిలెయ్. మొన్న నువ్వూ నాన్నా ఆ కథను బాగా చిలికారు కదా, ముందు ఏం వచ్చింది?”

మేఘన నీళ్లకేసి చూస్తూనే “పాయిజన్” అంది.

“గొంతులో ఎవరు ఆపుకున్నారు?”

“నోబడీ, అమ్మమ్మా. వుయ్ బోత్ స్పిట్ ఇట్ అవుట్.”

“మరి అమృతం ఎలా వస్తుంది? ఎప్పుడు జరిగిందని అడిగితే నేను చెప్పలేను. ఎక్కడ జరుగుతోందని అడుగు, చెప్తాను.”

పడవ ఒడ్డుకు చేరేసరికి నా కూతురు వెనక్కి తిరిగి నన్ను చూసింది. “సారీ” అన్నాను. కూతురికి నేను ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఆ తర్వాతి శనివారం నుంచి మేఘన ఒక్క క్లాసూ మానలేదు. అంతటి శాస్త్రవేత్త, అంతటి భక్తురాలు ఒకే మనిషిలో ఉండగా చూసిన భాగ్యం మాది. ఆవిడ మా ఊరి మనిషి అని ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను.

అంత్యక్రియలు ముగిసిన వారం క్లాసు ఆగుతుందనుకున్నాం. ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతున్న మేఘన, ఆవిడ గుడ్డసంచీ భుజాన వేసుకుని ఫెర్రీ దిగింది. బల్ల మీద ఆవిడ ఫొటో పెట్టి, నేను పాడుచేసిన అదే కథను ‘ట’లతో సహా చెప్పింది. ఆ రోజే కొత్తగా చేరిన ఆరేళ్ల పాప, క్లాసు అయ్యాక తలుపు దగ్గరున్న వాళ్ల అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“అమ్మా, ఇక్కడ ఒక అమ్మమ్మ ఉండేదట! సముద్రంలో ఉప్పు కొలిచేదట!”

ఉండేదట కాదమ్మా, ఉండేవారు, నేను కళ్లారా చూశాను అని దిద్దబోయి ఆగిపోయాను. ఆవిడ లేని లోటు తీరేది కాదు. కానీ చూడనివాళ్ల దాకా ఆవిడను తీసుకెళ్లగలిగేది ఆ ఒక్క అక్షరమే. దాన్ని ఎర్ర సిరాతో మాకు తిరిగి ఇచ్చిన చేతికి నమస్కరిస్తున్నాను.