మామ చూసిన పులి

పోయిన నెల మా చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని పట్నంలో జంతువుల తోటకు వెళ్లాను. ఏనుగు దగ్గర నా నోటికి అడ్డే లేదు, దీని తాత ఒకసారి మా ఆదోని కోట మెట్లెక్కబోయి ఆయాసమొచ్చి మా ఇంటి అరుగుమీద కూలబడితే ఆ అరుగు నేటికీ ఒకవైపు కుంగే ఉందని కూడా చెప్పాను. అట్లాంటివాణ్ణి పులి దగ్గరికి వచ్చేసరికి ఊరకుండిపోయాను. అమ్మాయి కాసేపు చూసి, పుస్తకంలో పులి ఇట్లా లేదు నాన్నా, ఇది ఊరికే నడుస్తోంది అని నా చెయ్యి లాగింది. ఆ పులి కందకం అంచు వెంబడి పోయి, ఒకచోట మళ్లి, అదే దారిన తిరిగి వచ్చి, ఈ కొసన మళ్లుతోంది. ఇట్లా మళ్లే పులిని నేను అంతకు ముందు రెండు సార్లు చూశాను. ఒకటి ఆదోనిలో. రెండోది ఎమ్మిగనూరులో, అది మా మేనమామ.

నన్నెరిగినవాళ్లకు నా మాటల్లో ముప్పాతిక కోతలని తెలుసు. ఎరగనివాళ్లకు ఏనుగు సంగతితోనే తెలిసి ఉంటుంది. ఈ పులి సంగతి మాత్రం పెంచి చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

మన తరం వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి, ఆదోనిలో ఎక్కినవాణ్ణి ఎమ్మిగనూరులో దిగాక కన్నతల్లి కూడా ముఖం తుడిచి పోల్చుకోవలసి వచ్చేది. నేను ఆదోనిలో ఒక పత్తి షావుకారు మండీలో చిన్న గుమాస్తాను. మా అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల వీధి. మామ అక్కడ గుంటమగ్గంలోకి కాళ్లు దింపి పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా చీరలు నేసేవాడు, పీర్ల పండుగ రోజులు తప్ప. ఆ రోజుల్లో ఆయన పులి. పసితనంలో జబ్బు చేసి ఇక బతకడని అందరూ వదులుకున్నప్పుడు, బిడ్డ దక్కితే ఏటేటా పులివేషం కట్టిస్తానని మా అవ్వ పీరుకు మొక్కుకుందట. హిందువుల ఇంటి బిడ్డ పీరుకు మొక్కు చెల్లించడం మా వైపు వింతేమీ కాదు. ఒళ్లంతా పసుపురంగు పూసుకుని, దీపపు మసితో చారలు దిద్దించుకుని, నడుముకు తోక కట్టుకుని, తాషా డప్పులు మోగుతుంటే మామ ఎగిరి దూకితే ముందువరస జనం నిజంగానే వెనక్కి తగ్గేవాళ్లు. వెనక్కి వంగి నేలమీది నిమ్మకాయను పళ్లతో అందుకుంటే మగ్గాల వీధి ఈలలతో మోతెక్కిపోయేది.

తమాషా ఏమిటంటే, మా ప్రాంతంలో పులిని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. తోడేళ్లుండేవి, దేవరగట్టు కొండల్లో చిరుతలున్నాయని గొర్రెల కాపరులు అనేవాళ్లు, అంతే. మాకు తెలిసిన పులి వాచకంలో బొమ్మ, వారపత్రికల్లో వేటకథ, ఆపైన మామ. ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా మగ్గాల మధ్య పీట వేసుకుని ఆ వేటకథలు పైకి చదవడం నా పని, చదివింది పిడికెడైతే కలిపింది గంపెడు. నా పులి గర్జిస్తే కోసిగి రైలుస్టేషనులో గంట దానంతట అదే మోగేది. దేవరగట్టు దారిలో మామకు ఎదురుపడి, ముఖం చూసి, మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చిందని కూడా చదివాను, పత్రికలో అట్లాగే అచ్చేసి ఉన్నట్టు. మామ మగ్గం ఆపకుండా నవ్వేవాడు. వీధి నమ్మేది.

ఆ ఏడు పీర్ల పండుగకు ఆదోని నుంచి కూడా ఒక పులిని తెస్తున్నారని కబురొచ్చింది. కుర్రవాడట, బతికున్న మేకను పళ్లతో పట్టి ఎత్తి భుజం మీదుగా విసురుతాడట. మామకు నలభై దాటింది, గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేసేవి. ఈసారి వాడి ముందు ఓడిపోతే వీధి పెద్దలు వేషం ఇంకొకరికి ఇస్తారని, అవ్వ మొక్కు అంతటితో తెగిపోతుందని మామకు దిగులు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక బయల్లో జంతువుల డేరా దిగింది. సంగతి తెలిసి మామ బొగ్గు బస్సు దిగి, ముఖమైనా కడుక్కోకుండా మా మండీకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమల్లుడా, నిజం పులే వచ్చిండాదంట గదా! సూపీ నాకు. ఆ పిల్లనాయాలు మేకను ఎత్తితే ఎత్తనీ. నేను దాని దగ్గరే నేర్సుకుంటా."

డేరాలో ఇనుప చువ్వల బండి, అందులో పులి. మొదట తగిలింది వాసన, ఆ వాసన ఏ పత్రికలోనూ లేదు. పులి ఆ కొసనుంచి ఈ కొసకు నడుస్తోంది. కొసకు రాగానే ఎడమ భుజం దించి, తల తిప్పి, చెంప చువ్వకు రాసుకుంటూ మళ్లుతోంది. రాసుకుని రాసుకుని అక్కడ చువ్వ మెరుస్తోంది, పులి చెంపమీద బొచ్చు లేదు. ఎవరో గులకరాయి విసిరారు. డేరా మనిషి, గర్జిస్తుంది చూడండి అంటూ కమ్మీతో పొడిచాడు. పులి నోరు తెరిచింది, శబ్దం రాలేదు, నోరు మూసుకుని మళ్లీ నడిచింది. డబ్బులు దండగ అంటూ జనం కోతుల వైపు పోయారు. మామ పోలేదు. నేను మండీకి పోయి, పని చూసుకుని, సాయంత్రం వచ్చేసరికి కూడా అక్కడే నిలబడి ఉన్నాడు, పెదవులు కొద్దిగా కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటున్నవాడిలా.

ఇంటికి పోయే దారిలో ఒక్కమాటే అడిగాడు. "దానికి మనం కనపడతామా అల్లుడా?"

దేనికైనా జవాబు చెప్పగలిగినవాణ్ణి. కనపడకేం మామా అన్నాను. ఆయన నా ముఖం కూడా చూడలేదు.

పండుగనాడు మధ్యాహ్నం పీర్ల చావిడి ముందర ఇసుకేస్తే రాలనంత జనం. ఆదోని కుర్రవాడు ఆడాడు, మేకను ఎత్తాడు, విసిరాడు, గర్జన కూడా బాగా చేశాడు. తరువాత మా మామ వచ్చాడు. రంగు ఎప్పటికన్నా బాగా కుదిరింది. తాషాలు అందుకున్నాయి. మామ ఎగరలేదు. నడిచాడు. కొన్ని అడుగులు పోయి, ఎడమ భుజం దించి, తల తిప్పి, మళ్లి వచ్చాడు. మళ్లీ పోయాడు. మొదట్లో జనం ఇదేదో ఎత్తుగడ, ఇప్పుడు దూకుతాడు అనుకుని ముందే వెనక్కి తగ్గారు. దూకలేదు.

"ఏందప్పా, పులికి జరమొచ్చినట్టుండాది!"

"యాడికన్నా పోతాండావా, తప్పిపోయినావా? దారి సూపియ్యాలనా?"

"ఆ నిమ్మకాయన్నా కొరుకన్నా, నీకు పుణ్యముంటాది!"

నవ్వులు లేచాయి, తరువాత అవీ తగ్గాయి. తాషావాళ్లు ఆ అడుగుకు దరువు కలపాలని చూశారు, ఆ నడకకు దరువు లేదు, ఒక్కొక్కరే ఆపేశారు. చివరికి మామ పాదాలు దుమ్ములో ఆనిన చప్పుడొక్కటే మిగిలింది. మామ ఎవరి ముఖమూ చూడలేదు. నా ముందునుంచి పోయాడు, నన్నూ చూడలేదు. నాకు సిగ్గూ వేయలేదు, ఏడుపూ రాలేదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలు తనది కాకుండా పోతుందే, అట్లా అయింది లోపల. చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు వచ్చి మామ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఇంట్లో కిరసనాయిలు గుడ్డతో రంగు తుడుస్తూ అత్త ఏడ్చింది. "యేటేటా ఆడినోనివే గదా, ఈ పొద్దు ఏమొచ్చె నీకు? ఒక్క ఎగురన్నా ఎగరరాదా?"

మామ చెయ్యి చాపి తుడిపించుకుంటూ అన్నాడు. "అది ఎగర్లేదు గదమ్మే."

మరుసటి ఏడు వేషం వీధిలో ఇంకొకరికి ఇచ్చారు. మొక్కు గురించి ముజావరుతో అత్త మాట్లాడి ఏదో సర్దుబాటు చేసుకుంది. తాషాలు వీధిలోంచి పోతున్నప్పుడు కూడా మామ గుంటలోనే కూర్చుని నేశాడు. నేను మళ్లీ ఎమ్మిగనూరు పోతే వేటకథ చదవమన్నారు, చదివాను. పులి గర్జించింది, కోసిగిలో గంట మోగింది, అందరూ బాగుందన్నారు. మామ మగ్గం ఆడుతూనే ఉంది. నవ్వు మాత్రం వినపడలేదు. తరువాత కొన్నేళ్లకు మామ పోయాడు.

ఇప్పుడు బొగ్గు బస్సులు లేవు, ఎమ్మిగనూరులో పులివేషాలకు అట్టముఖాలు బజారులో కొంటున్నారు, తాషాలకు బదులు బ్యాండువాళ్లు సినిమా పాటలు వాయిస్తున్నారు, కుర్రవాళ్లు బాగానే ఎగురుతున్నారు. పట్నంలో పులిని చువ్వల వెనక పెట్టడం కూడా మానేశారు, కందకం తవ్వారు, అవతల చెట్లు నాటారు, కావలసినంత చోటిచ్చారు. అయినా ఆ పులి అంత చోటులోనూ కొన్ని అడుగులే నడిచి, ఎడమ భుజం దించి, ఏమీ లేని గాలికి చెంప రాసుకుంటూ మళ్లింది. అమ్మాయి ఏదన్నా కథ చెప్పమంది. నడుస్తోందమ్మా, అంతే అన్నాను.

మామ ఒక్క అడుగు కూడా తప్పు వేయలేదు. ఆ మాట చెబుదామంటే, ఆనాడు చావిడి ముందు నవ్వినవాళ్లలో మిగిలింది కొందరే. వాళ్లకు నేను చెబితే, వీడు ఇంకొకటి కోశాడంటారు.