ఎర్ర లైటు వెలిగినంతసేపు

2023 వానాకాలం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆర్థో వార్డు, అంటే ఎముకల వార్డు, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. తుంటి విరిగిన ముసలివాళ్లు మా దగ్గర వారాల తరబడి ఉంటారు. కొడుకులు దుకాణాలు వదిలి కూర్చోలేరు కనుక మనుషులను కుదిర్చే బ్యూరోల నుంచి అటెండెంట్లను పెట్టుకుంటారు. రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉండి బెడ్‌పాన్ నుంచి అన్నం దాకా చూసుకునే ఆడపిల్లలన్నమాట.

తుంటి విరిగి చేరిన కాచిగూడ రాధాబాయమ్మ దగ్గరికి అలా వచ్చింది మంగ. నాగర్‌కర్నూల్ వైపు పిల్ల, ఇరవై దాటి ఉంటాయి. పనికి వంక పెట్టడానికి లేదు. అయినా ఆ పిల్లను చూసినప్పుడల్లా నాకు మనసు కుదురుగా ఉండేది కాదు. మిగతా అటెండెంట్లు సాయంత్రం కిందికి దిగి చాయ్ తాగొచ్చేవారు. ఆదివారమైతే ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య ఓ చుట్టు తిరిగి, గాజులో క్లిప్పులో కొనుక్కొచ్చేవారు. మంగ మెట్లు దిగేది కాదు. "తిన్నవా?" అంటే "ఔ సిస్టర్, తిన్న" అనేది. ఆమె తినేది రాధాబాయమ్మ మిగిల్చిన ఉప్పులేని పథ్యం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏంది మంగా, చాయ్‌కి గూడ పోవా?"

"పాస్ బ్యూరో అమ్మ కాడ ఉంది సిస్టర్."

మా ఆసుపత్రిలో ఒక్కో రోగికి ఒక్క అటెండెంట్ పాస్ ఇస్తాం. మెడలో అది లేకుండా బయటికి పోతే వాచ్‌మన్ మళ్లీ లోపలికి రానివ్వడు. దొంగలు రాకుండా పెట్టుకున్న పద్ధతి. ఆ పాస్‌ను బ్యూరో నడిపే విమలమ్మ తన సంచిలో వేసుకుంది. తాళం మాది, తాళంచెవి ఆమెది. మంగ ఆధార్ కార్డు, ఫోను కూడా "భద్రంగా" ఆమె దగ్గరే ఉన్నాయని తర్వాత మెల్లగా తెలిసింది.

విమలమ్మది నవ్వుమొహం. రోజూ పొద్దున వచ్చి మాకు బిస్కెట్లు పంచేది, అందర్నీ "బిడ్డా" అనేది. మంగను నేను పలకరిస్తే చాలు, ఎక్కడినుంచో ఊడిపడి జవాబు తానే చెప్పేది. నాకసలే ముక్కు మీద కోపం.

రాధాబాయమ్మ డిశ్చార్జ్ రోజు విమలమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది. "ఇగ దీన్ని బెంగళూరు పంపుతున్న సిస్టర్, సాయంత్రం బండికే. మంచి ఇల్లు," అంది. దుప్పటి మడతపెడుతున్న మంగ చేతులు ఆగిపోయాయి. బండెక్కిందంటే ఈ పిల్ల ఇక ఎవరికి దొరుకుతుంది?

కిందికి పరుగెత్తాను. మా మెడికల్ సోషల్ వర్కర్ జావీద్ గారు రోగుల ఇంటి కష్టాలు, చికిత్సకు బయటి చిక్కులు చూసే మనిషి. "పోలీసులను పిలవండి. ఆమె సంగతి నేనే తేలుస్తా," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "జర సబర్ చేయండి సిస్టర్. ఆమె ముందర అడిగితే పిల్ల 'నాకేం కష్టం లేదు' అంటది. గప్పుడు పోలీసోళ్లొచ్చినా ఏం జేస్తరు? ఒంటరిగ అడగాలె."

ఒంటరిగా ఎక్కడ? విమలమ్మ బాత్‌రూమ్ తలుపు దాకా వెంట వెళ్లే రకం. అప్పుడు గుర్తొచ్చింది, చెక్ ఎక్స్‌రే మిగిలే ఉంది. లోపల వేసిన రాడ్ సరిగ్గా కూర్చుందో లేదో ఇంటికి పంపేముందు చూసుకుంటాం. మా సిబ్బంది కాక, రోగిని పట్టుకోవడానికి బయటివాళ్లలో ఒక్కరికే, కిరణాలు తగలకుండా సీసపు ఆప్రాన్ తొడిగి రానిస్తారు. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే సూపరింటెండెంట్ అయినా తలుపు తీయడు.

వీల్‌చైర్ కదలగానే విమలమ్మ లేచింది. "నేను పట్టుకుంట. పోరికేం తెల్వది."

రాధాబాయమ్మ మెడ తిప్పి చూసింది. "నీ చేతులు నాకొద్దు. మంగ పట్టుకుంటెనే నాకు నొప్పి తెల్వది. నువ్వు గీడనే కూసో." ఆ ముసలామెకు నేనేమీ చెప్పలేదు. ఎంత కనిపెట్టిందో ఈనాటికీ తెలియదు.

తలుపు మూశాం. టెక్నీషియన్‌కు ముందే చెప్పి ఉంచాను కనుక, ఎక్స్‌రే తీయకుండానే ఎర్ర లైటు వేసి పక్కకు తప్పుకున్నాడు. బయట విమలమ్మ చెప్పుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది.

"మంగా, బెంగళూరు పోవుడు నీకు ఇష్టమేనా? ఇష్టమైతే నేను ఊకుంట. లేకుంటే ఒక్క మాట చెప్పు."

మంగ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నాంపల్లి రూంల మా చెల్లె ఉన్నది సిస్టర్. బయటికెల్లి గొళ్లెం పెడుతరు. నేను కాదంటే దాన్నేం జేస్తదో."

"చెల్లెను గూడ తెస్తరు. చెప్పు బిడ్డా," అంది రాధాబాయమ్మ.

"నేను పోను," అంది మంగ. ఆ మాట అన్నాకే ఏడ్చింది.

రూము నాంపల్లి రైల్వే స్టేషన్ ఎదురు గల్లీలో, అట్టపెట్టెల గోదాం పైన అని చెప్పింది. లోపలినుంచే జావీద్ గారికి ఫోన్ చేశాను. ఆయన మహిళా పోలీసులను తీసుకుని వెళ్లాడు. వాళ్లు అక్కడికి చేరేదాకా ఈ తలుపు తెరవడానికి లేదు. విమలమ్మ ఒక్క ఫోన్ కొడితే ఆ చెల్లెలు మాయమవుతుంది.

"ఎంతసేపు? ఏం జేస్తున్రు లోపల?" తలుపు మీద దబదబ.

"మిషన్ మొరాయించిందమ్మా," అన్నాడు టెక్నీషియన్. రాధాబాయమ్మ తుంటి నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుంటూ మంగ చేయి పట్టుకునే ఉంది. నేను ఫోను వైపే చూస్తున్నాను.

ఫోన్ మోగింది. "పిల్ల దొరికింది సిస్టర్. ఇంకో ఇద్దరు గూడ ఉన్నరు. మీ కాడికి గూడ పోలీసోళ్లొస్తున్రు."

పోలీసులు వచ్చి విమలమ్మ పక్కన నిలబడిన అలికిడి విన్నాకే లైటు ఆర్పమన్నాను. విమలమ్మ అప్పుడూ నవ్వుతూనే "ఏందిది బిడ్డా?" అంది.

వాంగ్మూలాలు అయ్యాక అక్కాచెల్లెళ్లు నా గదిలో కూర్చుని మామిడికాయ పచ్చడితో అన్నం తిన్నారు. తిన్నాక మంగ అడిగింది. "సిస్టర్, గేటు దాకా పోయి రావచ్చునా?"

"ఏం గావాలె?"

"ఏం లేదు. ఊకెనే."

వాచ్‌మన్ అలవాటుగా పాస్ అడగబోయి, వెనకాల వస్తున్న నన్ను చూసి ఊరుకున్నాడు. మంగ ఫుట్‌పాత్ మీద నిలబడి వచ్చేపోయే బస్సులను కాసేపు చూసి, తిరిగి లోపలికి వచ్చింది.

ఇప్పుడు మా దగ్గర ఎవరి పాస్ వాళ్ల మెడలోనే ఉంటుంది. ఏం అడిగామన్నది ఒక ఎత్తు, అడిగినప్పుడు పక్కన ఎవరున్నారన్నది ఒక ఎత్తు అని ఆ రోజు నేర్చుకున్నాను. కొత్త అటెండెంట్ ఎవరొచ్చినా ఏదో పని మీద ఎక్స్‌రే గదిలోకి పిలుస్తాను. తలుపు మూసి ఒక్కటే అడుగుతాను. "ఇయ్యాల చాయ్‌కి కిందికి పోయొచ్చినవా?"