కాళ్లు దగ్గరికి పెట్టుకో

నాకు నోరు ఎక్కువ. సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికేవాణ్ని, కాలేజీ మూసేటప్పుడు నోరు కూడా మూసుకోవాలి కదా, మూసుకోను. మోతె దగ్గర మా ఊరికి వెళ్తే అక్కడా పాఠమే. వినేది మా అన్న. ఐదో తరగతిలో బడి మానేసి గొర్రెల వెంట పోయాడు. ఆ గొర్రెల మీదే నేను చదువుకున్నాను. ఈ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

నిరుడు ఎండాకాలంలో పక్క ఊళ్లో పిడుగుపడి ఎద్దు చచ్చిపోయిందని వదిన చెప్పింది. ఇక నేను ఆగుతానా? సుద్దముక్కతో గచ్చు మీద మబ్బు గీశాను. మబ్బులో మంచు ముక్కలు గుద్దుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతాయన్నాను. తేలిక ముక్కలు ధనావేశంతో పైకి పోతాయి, బరువువి ఋణావేశంతో అడుగున పేరుకుంటాయి. ఆ అడుగు భాగం కింది నేలలోని ఎలక్ట్రాన్లను పక్కకు నెడుతుంది, నేల మీద ధనావేశం మిగులుతుంది. ఇక పైదానికి కిందది కావాలి, కిందదానికి పైది కావాలి. గాలి మధ్యలో అడ్డం నిలబడి ఓపిక పట్టినంతసేపు పడుతుంది. ఓపిక అయిపోతే పిడుగు.

"అయితే పైనుంచి దేవుడు వేయడా?" అంది వదిన. ఆమెది కోదాడ వైపు.

అన్నకు దేవుడితో పని పడలేదు. "నెత్తి మీద వడ్తెనే సస్తమా?" అన్నాడు.

మంచి ప్రశ్న. క్లాసులో ఒక్కడూ అడగడు. చెట్టు మీద పడ్డా కరెంటు నేలలోకి దిగి చుట్టూ పరుచుకుంటుందని, చెట్టు దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉంటుందని చెప్పాను. కాళ్లు ఎడంగా ఉంటే ఆ తేడాకు కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి ఇంకో కాలిలోంచి దిగుతుంది. గచ్చు మీద మనిషి బొమ్మ గీసి చూపించాను. "గందుకే చెట్టు కిందికి పోకు. రెండు కాళ్లు దగ్గరికి పెట్టుకొని గొంతుక్కూసో."

"మరి ఫోను?"

తెలియదు అనడం నా నోటికి అలవాటు లేదు. "బంద్ చెయ్," అన్నాను. ఫోను పిడుగును లాగదని తర్వాతెప్పుడో చదివాను. అన్నకు చెప్పాలనుకున్నాను. మర్చిపోయాను.

ఈ జూన్‌లో ఒక మధ్యాహ్నం, 'సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి' అని బోర్డు మీద రాస్తున్నాను. కిటికీ అవతల మోతె దిక్కు నల్లబడింది. జేబులో ఫోను మోగింది. పిడుగుల హెచ్చరిక, మా మండలం పేరుతో. అన్నకు చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. పిల్లలు నన్నే చూస్తున్నారు.

వదినకు చేస్తే ఇంట్లోనే ఉంది. "పొద్దున మందను తోలుకుపోయారు. ఉరిమిందంటే ఫోను ఆపేస్తారు కదా. నువ్వే చెప్పావంట."

సుద్దముక్క బల్ల మీద పెట్టి బండి తీశాను. దారి పొడుగునా మెరుస్తూనే ఉంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెడితే ఎంత దూరంలో పడిందో తెలుస్తుందని పిల్లలకు ప్రతి ఏడూ చెప్తాను. ఆరోజు లెక్కపెట్టాను. దూరం తెలిసి ఏం చెయ్యను? ఆగి ఫోను చేస్తే స్విచాఫ్ అనే గొంతు, మళ్లీ బండి, మళ్లీ లెక్క. అంత చేతకానివాడిగా నేను ఎప్పుడూ లేను.

నేను వెళ్లేసరికి వాన వెలిసింది. ఊరవతల బీడులో, చెట్టుకు చాలా దూరంగా, గొంగడి కప్పుకొని అన్న గొంతుకూర్చొని ఉన్నాడు. రెండు పాదాలూ అంటుకొని ఉన్నాయి. బతికే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దగ్గరికి పోయి భుజం పట్టుకున్నాకే ఆయన ఎటు చూస్తున్నాడో చూశాను.

వేపచెట్టు చుట్టూ గొర్రెలు పడి ఉన్నాయి. మందలో సగం. ఒక్కదాని మీదా గాయం లేదు. మిగిలినవి అవతల మేయకుండా నిలబడ్డాయి.

"వాన సుక్క వడంగనే చెట్టు కిందికి ఉరికినయ్. ఒర్రిన, కట్టెతోని కొట్టిన, రాలె," అన్నాడు. "నువ్వు జెప్పినట్టే కాళ్లు దగ్గరికి పెట్టుకొని కూసున్న. వాటికెట్ల జెప్పాలె తమ్మీ?"

గొర్రె ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో నాకు తెలియదా? ఆ ఎద్దు చచ్చింది కూడా దానికే. నిరుడు గచ్చు మీద మనిషిని ఒక్కణ్నే గీశాను.

అన్న లేవలేదు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు గొంగడి లోపల్నుంచి ఫోను తీసి ఆన్ చేశాడు. మిస్డ్ కాల్ మెసేజులు ఒకదాని వెంట ఒకటి మోగుతూ వచ్చాయి. అన్నీ నా నంబరే. ఆ చప్పుడుకు అవతలి గొర్రెలు తలలెత్తాయి.

"ఇన్నిసార్లు జేసినవా," అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఎత్తితే ఏం జెప్పెటోనివి?"

చెట్టు కిందికి పోవద్దని చెప్పేవాణ్ని. కాళ్లు దగ్గరికి పెట్టుకోమని చెప్పేవాణ్ని. ఆ రెండూ ఆయన చేసే ఉన్నాడు.