మావయ్య నడుముకి కాంగో కత్తి

మా మావయ్య నడుముకున్న కత్తి కాంగో నుంచి రాలేదు. ఆరేళ్లుగా నేను చెబుతున్నది అబద్ధం. ఇందులో పేర్లు రాయను, రాస్తే ఒకరి ఉద్యోగం మీదికి వస్తుంది.

మావయ్య ఈ పరాయి రాష్ట్రపు ఉక్కు ప్లాంటులో చార్జ్‌మన్‌గానే రిటైరయ్యాడు. పైమెట్టు ఫోర్‌మన్ కాలేదన్న దిగులుతో సెండాఫ్ శాలువా మడత కూడా విప్పలేదు. ఆ రోజుల్లోనే కాంగోలోని కుబా జాతివాళ్ల కత్తుల ఫొటోలు ఫోన్‌లో చూశాను. ఆకులాంటి వెడల్పాటి రేకు, చెక్కపిడి మీద రాగితీగ నగిషీ. వాటితో ఏదీ కోయరట. పెద్దమనిషి నడుముకి పెట్టుకుంటే, చూసినవాళ్లకి హోదా తెలుస్తుందట. మావయ్యకి కావలసింది సరిగ్గా అదే అనిపించింది.

అదే ప్లాంటులో నేను పనిచేసే వర్క్‌షాపులో ఒక ఫిట్టర్ ఉన్నాడు, కూలీల బస్తీ క్యాంప్ 1 మనిషి, నాకన్నా పెద్దవాడు. ఫొటో చూపించాను. నెలరోజులు లంచ్ టైములో తుక్కు రేకు అరగదీసి, పిడిలో రాగితీగ అతుకు కనిపించకుండా పొదిగాడు. నేను టిఫిన్ సంచిలో గేటు దాటించి, "కాంగోలో ఫ్రెండు పంపాడు. అక్కడి రాజు పెద్దలకే ఇస్తాడట" అని మావయ్య చేతిలో పెట్టాను.

ఇక పెళ్లికి, బారసాలకి, ఆఖరికి గ్యాస్ బండ తేవడానికి వెళ్లినా నడుముకి కత్తే.

"టమాటా కూడా తెగదు, ఎందుకండీ అది?" అనేది అత్త.

"తెగితే కూరల కత్తయిపోద్దే!"

మా తెలుగు సంఘంలో తగువొస్తే ఆయన పిడి మీద చెయ్యి వేస్తాడు. లేచి అరుస్తున్నవాళ్లు కూర్చుంటారు. ముందువరస కుర్చీ ఆయనదే.

ఒక మీటింగులో ఫిట్టర్ దగ్గరికొచ్చి, తను చేసిన పిడిని ముట్టుకోబోయాడు. "దూరం నుంచి చూడు, రాజుగారిది" అన్నది నేనే. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మాటకి నేటికీ సిగ్గుపడుతున్నాను.

మొన్న ఆదివారం సంఘంలో లేచి అంతా చెప్పేశాను. "ఈ పనితనం ఈయనది" అని వెనకవరసలో ఉన్న ఫిట్టర్‌ని లేపి నిలబెట్టాను.

"నానా సేసింది? నాకేటి తెలుసు!" అన్నాడాయన. తర్వాత నా చెవిలో, "రేకూ తీగా ప్లాంటువి బాబూ. నాకింకా ఆర్నెల్ల సర్వీసుంది. గేటు దాటించింది నువ్వు, ఊడేది నా నౌకరీ."

"ఇన్నారా? ఆడికే తెలీదంట," అన్నాడు మావయ్య. "ఒరే, నా కత్తంటే నీకింత కుళ్లేట్రా?"

నేను మళ్లీ నోరు తెరిచాను. మావయ్య పిడి మీద చెయ్యి వేశాడు. గొడవకి లేచినవాళ్లంతా కూర్చున్నారు. అందరికన్నా ముందు కూర్చున్నది ఫిట్టరే.