పటంలో అమ్మ కళ్లు

దెయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. భయపడి కాదు, విసుగు పుట్టి. ప్రొద్దుటూరులో చీరల కొట్టు నడుపుకునేదాన్ని, కంటికి కనబడనివాటితో నాకేం పని? ఇది చదివి మీకు నవ్వు వస్తే నవ్వుకోండి. జరిగింది మా అమ్మకు కాబట్టి నాకు మాత్రం నవ్వు రాదు.

కొత్త చీరలు వచ్చినప్పుడల్లా ఫోన్లో ఫోటో తీసి, ఎడిటింగ్ యాప్‌లో వెనకున్న గోడ తీసేసి, రంగు సరిచేసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఆ పేరు పడిపోయి, బంధువుల్లో ఎవరి ఫోటో బాగుచేయాలన్నా నాకే పంపుతారు.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా పెద్దమ్మ పోయినప్పుడూ అంతే. ఆమె మా అమ్మకు సొంత అక్క. బతికినన్నాళ్లూ గొర్రెల వెంట తిరిగిన మనిషి. ఫోటో అంటే చాలు, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. పెళ్లి ఫోటోల్లో వెతికితే ఆమె భుజం దొరుకుతుంది, ముఖం దొరకదు. ఆధార్ కార్డు మీదున్నది వాళ్లమ్మేనంటే ఆమె కొడుకు ఓబులేసన్నే ఒప్పుకోడు.

మావైపు మనిషి పోతే, పాడె ఎత్తేలోపల వాకిట్లో కుర్చీలో కూర్చోబెడతారు. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్లో ఫోటో తీస్తారు. వేరే ఫోటో లేనివాళ్లకు అదే ఆధారం. అందులో కళ్లు తెరిపించి, కర్మ జరిపే దివసాల రోజుకు పటం కట్టిస్తారు. ఊరూరా చేసే పనే, ఎవరూ తప్పనుకోరు.

పెద్దమ్మ నుదుటి మీది రూపాయి బిళ్ల చెరిపేశాను. దవడకు కట్టిన గుడ్డ, తల వాలిపోకుండా వెనక నుంచి పట్టుకున్న చెయ్యి కూడా తీసేశాను. కళ్ల దగ్గరే చిక్కొచ్చింది. యాప్ దానంతటది తెరిపించిన కళ్లు సినిమా హీరోయిన్ కళ్లలా ఉన్నాయి. చూసి అందరూ ఏడుపు మధ్యలో నవ్వేశారు. అప్పుడు ఓబులేసన్న అన్నాడు, "మా అమ్మవీ చిన్నమ్మవీ ఒకే కండ్లు మ్మా. చిన్నమ్మవి తీసి పెట్టు."

అమ్మ మారుమాట లేకుండా వెళ్లి అదే కుర్చీలో కూర్చుంది, వెలుతురు ఒకేలా పడుతుందని. నేను ఫోటో తీసి, ఆ కళ్లు కత్తిరించి పెద్దమ్మ ముఖానికి అతికించాను. ఎంత బాగా కుదిరాయంటే, ఓబులేసన్న ఫోన్ పట్టుకుని చాలాసేపు ఇవ్వలేదు.

దివసాల రోజు పటానికి బంతిపూల దండ వేసి, నడింట్లో వాకిలికి ఎదురుగా గోడకు తగిలించారు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేస్తే మావాళ్లు ఊరుకోరు. కానీ ఆ దండ మధ్యలో ఉన్నవి బతికున్న మనిషి కళ్లని ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఇంటికొచ్చాక, చూపుకు అటూ ఇటూ పసుపుపచ్చగా ఏదో వేలాడుతోందని అనడం మొదలుపెట్టింది. కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, కళ్లు బాగున్నాయని చుక్కల మందు రాశాడు. స్థలం మారితే బాగుంటుందేమోనని పులివెందులలో మా చెల్లెలి ఇంటికి పంపాను. అక్కడా అదే మాట.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, ఓబులేసు గొర్రెపిల్లను నడింట్లో మంచం కోడుకు కట్టేశాడని చెప్పింది. కలగందేమో అనుకున్నాను. తర్వాత, వాడికి నడినెత్తిన జుట్టు ఊడిపోతోందని దిగులుపడింది. ఓబులేసన్న తలగుడ్డ లేకుండా బయట కనిపించడు. అందులోనూ నడినెత్తి కనబడాలంటే పైనుంచి చూడాలి. చెయ్యి కడుక్కుని లేచాను.

అన్నకు ఫోన్ చేసి మామూలుగా అడిగినట్టే అడిగాను. కాలు విరిగిన గొర్రెపిల్లను ఆ పొద్దున్నే ఇంట్లో కట్టేశాడట. అమ్మ ఫోన్ తీసి చూశాను. ఆ ఊరి నుంచి ఎవరూ చేయలేదు.

అసలు విషయం చెప్పే ధైర్యం లేక, పటంలో కొంచెం సరిచేయాలి, తీసి పక్కన పెట్టమని అన్నకు చెప్పాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మ వంటింటి కిటికీ దగ్గర గోరుచిక్కుళ్లు తుంచుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"కరెంటు పోయిందా మ్మా?" అంది.

కిటికీలోంచి ఎండ ఆమె ఒళ్లో పడుతోంది. ముఖం ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కొట్టలేదు. తన మీద ఎవరో బట్ట కప్పినట్టుందని, పాత చీర వాసన వస్తోందని చెప్పింది.

అన్న ఫోన్ ఎత్తలేదు. గొర్రెలు తోలుకుపోతే ఫోన్ ఇంట్లోనే పడేసి పోతాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే అమ్మ కదల్లేదు, నా చెయ్యీ వదల్లేదు. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాం. ఏ దేవుడికీ ఎప్పుడూ ఏదీ మొక్కనిదాన్ని, ఆ పూట తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

చివరికి అన్నే చేశాడు. పటాన్ని వాళ్లమ్మ చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టానన్నాడు. వెంటనే తీసి ఎక్కడిది అక్కడే తగిలించమన్నాను. నా గొంతు విని ఎందుకని కూడా అడగలేదు. నేను అమ్మ ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె కళ్లు కదిలాయి. నా వైపే చూస్తూ, "తలగుడ్డ యాడ పెట్టినావు ఓబులేసూ?" అంది. నేను కనబడింది ఆ తర్వాతే.

ఆ రాత్రే యాప్ తీసేశాను. పటం మాత్రం అక్కడే ఉంది. జరిగిందంతా చెప్పాక, వేరే కళ్లు పెట్టి ఇంకోటి కట్టిద్దామంటాడు అన్న. పాతదాన్ని గోడ మీంచి దించితే అమ్మకేమవుతుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. దండ మాత్రం తీయించాను. పసుపు వేలాడడం ఆగింది. ఇది ఎట్లా జరుగుతోందో చదువుకున్నవాళ్లను అడిగాను, పెద్దవాళ్లనూ అడిగాను. నాకు నమ్మకం కుదిరే జవాబు ఎవరూ ఇవ్వలేదు.

ఈమధ్య అమ్మ మాటలు తగ్గించింది. మొన్న కొట్లో చీరలు మడతపెడుతూ, ఎవరికో చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"అక్క దినామూ వచ్చి నా ముందర నిలబడ్తాంది మ్మా. కండ్లు మూసుకోనే ఉండాది. పాపం, కండ్లు ల్యాకుండా ఎట్ల పోతాది ఆ యమ్మ?"

అక్క అడిగితే మా అమ్మ ఏదీ కాదనే మనిషి కాదు. నా భయమంతా అదే.