ప్రిన్సిపాల్ గారు తెరిపించిన పోర్టు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, గర్వం ఇంకా కొత్త. కోరుట్ల దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునేవాణ్ణి. ఫైర్‌వాల్ అంటే కాలేజీ ఇంటర్నెట్‌కు కాపలా గోడ. దానికుండే తలుపులే పోర్టులు. ఆ తాళాలన్నీ నా చేతిలోనే కాబట్టి నడకలో కాస్త కోటను కాచే కిల్లాదారు వాటం వచ్చేసింది (అద్దంలో మాత్రం మీసమైనా సరిగ్గా రాని కుర్రాడే కనిపించేవాడు).

ఒకనాడు మూడో సంవత్సరం చదివే గంభీరావుపేట అమ్మాయి, నలుగురు స్నేహితులను వెంటేసుకుని వచ్చింది. వాదనలో ఎవరికీ లొంగదని అందరూ ఆమెను 'లాయరమ్మ' అనేవారు. సిరిసిల్లలోని ఒక కాలేజీ జట్టు వీళ్లను ఆన్‌లైన్ ఆటకు సవాలు చేసిందట.

"గా గేమ్ పోర్టులు జర తెరువుండ్రి సార్. ఫోన్ డేటాతోని ఆడితే, మేం తుపాకి ఎత్తేలోపట వాళ్లు మమ్మల్ని చంపి చాయ్ తాగుతున్నరు."

"తెరిస్తే దొంగలు జొర్రుతరమ్మా," అన్నాను గంభీరంగా.

"మన కాలేజీల ఎత్తుకపోనీకి ఏమున్నది సార్? పాత అసైన్‌మెంట్లే గద!"

వాళ్లను ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "పోర్టా? జగిత్యాల జిల్లకు సముద్రమెక్కడిదయ్యా?" అన్నారు. లాయరమ్మ విడమరిచి చెప్పాక ఒప్పుకున్నారు: ఆదివారం మధ్యాహ్నం, ల్యాబులో, తన కళ్లెదుట, రెండంటే రెండు గంటలు. ఆ మాటను నేను గడియారంతో సహా ఫైర్‌వాల్‌కు అక్షరాలా అప్పజెప్పాను.

ఆదివారం ప్రిన్సిపాల్ గారు వెనక కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మొదటి ఆటలో పేపరు కొంచెం దిగింది. రెండో ఆటకు ముక్కు కనిపించింది. చివరి ఆటకల్లా ఆయన లాయరమ్మ వెనకే నిలబడి, "అటు పోకు బిడ్డా! గోడెనుక నక్కిండు వాడు!" అని అరుస్తున్నారు. అప్పటికి రెండు జట్లూ చెరో ఆట గెలిచాయి. అవతల ఒక్కడే మిగిలాడు. సరిగ్గా అప్పుడే తెరలన్నీ బిగుసుకుపోయాయి.

"ఎవడయ్యా మూసింది?"

"మీరే గద సార్, రెండు గంటలన్నరు..."

"నేనంటే మాత్రం నువ్వు మూస్తవా? ఉరుకు!"

ఉరికాను. ల్యాబు బయట విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా, సర్వర్ గది మెట్లెక్కాను. వెనక లాయరమ్మ సిరిసిల్లకు ఫోన్ చేసి, "మా సారే మూసిండన్నా! జర ఆగుండ్రి, గా ఆట మళ్ల ఆడుదాం," అంటోంది. మంచివాళ్లు, ఆగారు (నవ్వి నవ్వి ఆడే ఓపిక లేక ఆగారని తర్వాత తెలిసింది). నేను పోర్టులు తెరిచాను, వాళ్లు మళ్లీ ఆడారు. మేమే గెలిచాం! ప్రిన్సిపాల్ గారు వేసిన ఈలకు ల్యాబంతా గొల్లున నవ్వింది. సోమవారం ఆయన వరండాలో హుందాగా నడుస్తూ నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "మళ్ల ఎప్పుడు తెరుస్తున్నవ్?" అన్నారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంతకన్నా పెద్ద గోడలకు కాపలా కాస్తున్నాను. పోర్టు కావాలంటే కంప్యూటర్‌లో అర్జీ వస్తుంది. మీట నొక్కుతాను, అయిపోతుంది. ఎవరూ వాదించరు, ఎవరూ ఉరికించరు. అప్పుడప్పుడు, ఆయాసపడుతూ మెట్లెక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాను. ఎంత భయపడ్డాడో, ఎంత సంతోషంగా ఉన్నాడో! ఆ రెండో సంగతి పాపం వాడికి తెలియనే తెలియదు.